మొదటి ముద్ద దయామణిగారిది

మొన్న పొద్దున పక్కవాటాలో ఎవరో ఆవాలు మిక్సీలో వేశారు. గుడివాడలో ఎండలు ముదిరాయంటే ఏదో ఒక ఇంట్లోంచి ఈ వాసన రావలసిందే. కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడ్డ నాకు ముక్కులోంచి సర్రున నడినెత్తికెక్కింది. కళ్ళమ్మట నీళ్ళు. ఘాటుకే అనుకున్నాను. వాసన పోయాక కూడా అవి ఆగకపోతే, ఇది ఆవపిండి పని కాదు, దయామణిగారి పని అని తెలిసింది. మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. బందరులో చిన్న పచ్చళ్ళ కార్ఖానా నడిపేవారు. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. ఇంగ్లీషు ఎమ్మే నేను కాలేజీలో చదివానేమో కానీ, ఒక మాటని నోట్లో పెట్టుకునే ముందు ఏం చెయ్యాలో మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

మా తాతగారు బడిపంతులు, నాన్నగారు గుమాస్తా. మా ఇంట్లో దేవుడి పటాల తర్వాత అంత శుభ్రంగా తుడిచేది డిక్షనరీనే. ఎవరికీ తెలియని ఇంగ్లీషు మాట ఒకటి విసిరి, ఎదుటివాళ్ళు నోరు తెరిస్తే చూసి మురిసిపోవడం నాకప్పట్లో మహా సరదా. ఆ పొగరుతోనే గుడివాడలో పాసింజరెక్కి బందరులో దిగాను. హైదరాబాదులో ఒక పెద్ద షాపువాళ్ళు ఆవిడ చేసే పదకొండు రకాల పచ్చళ్ళూ అమ్ముతామన్నారట, సీసాల మీద లేబుళ్ళు ఇంగ్లీషులో ఉండాలన్నారట. ఆవిడకి అప్పటికే అరవై దాటాయి. దివిసీమలో ఒక పల్లెటూరి పాస్టరుగారి అమ్మాయి. తెల్లటి నేతచీర, ముక్కు చివర వేలాడే కళ్ళజోడు, ఆ కళ్ళజోడు పైనుంచి చూసే చూపు. "మూడు నెలలు చూస్తాను. నీ మాట నమ్మొచ్చో లేదో నాకు తెలియాలిగా," అన్నారు. అదేం షరతు అనుకున్నాను. లేబుళ్ళు రాయడానికి నమ్మకం ఎందుకు?

రెండు రోజులు వెతికి ఒక మాట పట్టుకున్నాను. పీకంట్. కారమొక్కటే కాదు, పులుపొక్కటే కాదు, నాలుకని తట్టి లేపే చురుకైన రుచి అని అర్థం. మనిషి మాటతీరు గురించి కూడా వాడతారు, విన్నకొద్దీ ఇంకా వినాలనిపించేట్టు ఉంటే. ఆ మాట మీద నాకు మోజు పుట్టింది. పదకొండు లేబుళ్ళ మీదా అదే రాశాను, బెల్లం ఆవకాయతో సహా! కాగితాలు తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టి, మెచ్చుకుంటారని నిలబడ్డాను.

ఆవిడ ఒక్కొక్కటీ చదివారు. "మాట బాగుందమ్మాయ్. పదకొండింటికీ బాగుందా?"

"బాగుంటుందండీ. పచ్చళ్ళే కదా."

"రొయ్యల పచ్చడి తిన్నావా?"

"అయ్యయ్యో, మేం తినమండీ."

"మరి అది పీకంట్ అని నీకెవరు చెప్పారు?"

"డిక్షనరీలో ఉందండీ..."

"డిక్షనరీ తిందా?"

అవతల మామిడికాయలు కొడుతున్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. రేపటి నుంచి ఈ ఊరు మొహం చూడకూడదు అనుకున్నాను. ఆవిడ మాత్రం లేచి పదకొండు జాడీలూ వరసగా పెట్టించి, వేడన్నం తెప్పించారు. ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. పచ్చడి కలిపిన మూడో రోజు జాడీ మూత తీసి తిరగకలుపుతారు. ఉప్పు చాలకపోయినా, ఆవపిండి చాలకపోయినా దిద్దుకోవడానికి అదే ఆఖరి అవకాశం. ఆ రోజు మొదటి ముద్ద దయామణిగారు తినాలి. ఆవిడ తిని, "ఊఁ" అంటే తప్ప ఒక్క సీసా నిండేది కాదు. ఆవిడ కూర్చుని తినే ఆ పీటే లాగి ఆ రోజు నన్ను కూర్చోబెట్టారు. పది రకాలు, పది ముద్దలు. రొయ్యల పచ్చడి వంతు వచ్చేసరికి నాగాయలంక నుంచి వచ్చి పనిచేసే నాంచారమ్మని పిలిచి నా ఎదురుగా తినిపించారు.

"అడుగు దాన్ని. నువ్వు తిననిదాని గురించి రాయాలంటే, తిన్నవాళ్ళ మొహం చూసి రాయి," అన్నారు.

నాంచారమ్మ కాసేపు నమిలి, "ముందు పులుపు తగులుద్దండీ. కారం ఆనక వత్తది. మింగేశాక, పోయిందిలే అనుకుంటే చెవుల దగ్గర ఎచ్చగా అవుద్ది," అంది. అంత చక్కగా నేను చచ్చినా చెప్పలేను. అదే లేబులు మీద ఇంగ్లీషులో రాశాను. సాయంత్రానికి నా పీకంట్ మామూలు ఆవకాయకీ అల్లం పచ్చడికీ మాత్రం మిగిలింది. మిగతావాటికి వాటి మాటలు వెతకడానికి ఇంకో నెల పట్టింది.

ఆవిడ మాటా అంతే, విన్నకొద్దీ వినాలనిపించేది. ఒకసారి హైదరాబాదు షాపాయన వచ్చి, "మీ పచ్చళ్ళు అద్భుతమండీ," అన్నాడు. "అద్భుతమంటే ఉప్పెక్కువైందా, తక్కువైందా?" అనడిగారు దయామణిగారు. పాపం, ఆయన అప్పటిదాకా తినలేదు. మూడు నెలలు దాటాయి, ఏడాది దాటింది. నా మాట నమ్మొచ్చో లేదో తేలిందని మాత్రం ఆవిడ అనలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు కానీ, ఆ ఒక్క మాట కోసం చెవులు కోసుకునేదాన్ని.

మూడో వేసవిలో ఆవిడకి పెద్ద జ్వరం వచ్చింది. తగ్గి, సగమైన మనిషి తిరిగొచ్చి దగ్గరుండి ఆవకాయ కలిపించారు. మూడో రోజు ఎప్పటిలాగే పీట వేశారు. ముద్ద తిని "ఊఁ" అన్నారు. అందరూ భోజనాలకి లేచాక నన్ను సామాన్ల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"నాకేం తెలియట్లేదే. జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ అంతే. ఆవకాయ తిన్నా ఒకటే, అటుకులు తిన్నా ఒకటే. ఎవరితోనూ అనకు. నువ్వు తిని చెప్పు," అన్నారు. ఆవకాయ కలిపిన అన్నం గిన్నె నా ముందుకి జరిపారు.

తిన్నాను. కారం ఉంది, ఉప్పు ఉంది. ఆవఘాటు లేదు. నిరుటి ఆవాలు పడ్డట్టున్నాయి. తలెత్తి చూస్తే, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా ఉన్నారావిడ. జ్వరం నుంచి లేచి చేసిన మొదటి పని, ఇలా అయిందని ఎలా చెప్పను?

"బాగుందండీ. ఎప్పటిలాగే పీకంట్," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చాలాసేపు చూశారు. "నాకు నోరు పోయింది కానీ కళ్ళు పోలేదమ్మాయ్. ఆవకాయ తిన్న మొహమా అది?"

"మీరు బాధపడతారని..."

"ఇవాళ నేను తిన్నది అన్నం కాదు, నీ మాట. అందులో కూడా కల్తీ చేస్తే నేనేం తిని బతకాలే?"

కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. ఆవిడ కోప్పడలేదు. నేను భోరుమని ఏడ్చేసి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవపిండి చచ్చిపోయిందండీ, ముక్కు దాకా ఏమీ రావట్లేదండీ అని. ఆవిడ ఒక్కసారిగా తేలికపడి, "హమ్మయ్య! ఇంకా మూడో రోజేగా. కొత్త ఆవాలు దంచమను," అని గబగబా బయటికి నడిచారు. సాయంత్రానికి జాడీలన్నీ మళ్ళీ కలిశాయి. మళ్ళీ తిన్నాను. ఈసారి నోట్లోంచి మాట రాలేదు, తుమ్ము వచ్చింది. అందరూ నవ్వారు. దయామణిగారు అందరి ముందూ దాచకుండా తన సంగతి చెప్పి, "ఇకనుంచి మొదటి ముద్ద ఈ అమ్మాయిది. దీని మాటే నా మాట," అన్నారు.

ఆవిడకి రుచి తిరిగి రాలేదు. ఆఖరి వేసవిలో మంచం మీద ఉన్నారు. కొత్తావకాయ గిన్నెలో పట్టుకెళ్ళి, ఆవిడ పక్కన కూర్చుని అన్నంలో కలుపుకుని తిన్నాను. ముక్క పళ్ళ కింద ఎలా పటుక్కుమందో, పులుపు దవడల కిందికి ఎప్పుడు దిగిందో, ఆవఘాటు ఎక్కడ ఆగి ఎక్కడ ఎక్కిందో వరసగా చెప్పాను. ఇంగ్లీషు మాట ఒక్కటీ గుర్తు రాలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. నేను ఆపాక గుటక వేశారు.

"నోరూరిందే అమ్మాయ్," అన్నారు.

వానలు పడకముందే ఆవిడ పోయారు. ఇప్పుడు నేను ఇంటి నుంచే నాలుగైదు కంపెనీలకి రాస్తున్నాను. ఏదైనా గొప్ప మాట వేసి పంపండి మేడమ్, తొందరగా ఉంది అంటారు. ముందు సీసా పంపమంటాను. మేం తిననిదైతే తిన్నవాళ్ళని వెతుక్కుని వాళ్ళ ఎదురుగా కూర్చుంటాను. ముద్ద కలుపుకున్న ప్రతిసారీ, కళ్ళు మూసుకుని ఆకలిగా నా మాట కోసం ఎదురు చూస్తున్న మనిషి ఒకరు పక్కనే ఉన్నట్టుంటుంది. ఆ మనిషికి అబద్ధం వడ్డించడం నా వల్ల కాదు.