మాహూర్ గుట్ట ఎక్కిన కారు

నిజాం కాలంలో మా ఊరి జాగీర్దారుకు కారు అమ్మడానికి హైదరాబాదు నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. పొరుగు జాగీర్దారు కొన్న అమెరికా కారుకంటే తాను తెచ్చిన ఇంగ్లండు కారే గట్టిదని, మాహూర్ గుట్ట ఎక్కించి చూపిస్తానని పందెం కాశాడు. సగం దారిలోనే వాన బురదలో చక్రాలు దిగబడ్డాయి. జాగీర్దారు మనుషులు గుట్ట కింద దున్నుతున్న మా ఎడ్లను నాగలి విప్పి వెట్టికి తోలుకుపోయారు. కారును పైదాకా లాగి ఒక ఎద్దు నురగలు కక్కి పడిపోయింది, మళ్ళీ లేవలేదు.

"విత్తనాలేసే దినాలు దొరా, ఒంటెద్దుతోని ఎట్ల దున్నాలె?" అని నాయన ఏడ్చాడు. దొర కారు చుట్టూ తిరుగుతూ మురిసిపోతున్నాడు.

ఆ ఏడు కాడి కింద రెండో ఎద్దు చోట మా అమ్మ భుజం పెట్టింది. నాందేడు బజారులో ఆ ఏజెంటుగాడు ఇంకో షావుకారుకు చెబుతుంటే విన్నాను: "ఒక్క దమ్ముల మాహూర్ గుట్ట ఎక్కిన కారు సేట్‌జీ, గిది!"