మోకాలి కొలతకు చూలై దాకా

"ఫోటోలు పంపితే చాలదమ్మా. నువ్వొచ్చి కూర్చుంటేనే మీటలు యాడ పెట్టల్లో తెలిసేది" అని దేవరాజులన్న ఫోన్లో గట్టిగా చెప్పడంతో, మొన్న మార్చిలో బడికి ఒకరోజు సెలవు పెట్టి నెల్లూరు నుంచి చెన్నై బయల్దేరాను. ఆయనా, ఆయన అక్క ఆండాళూ కలిసి చూలైలో ఒక చిన్న వర్క్‌షాపులో పెడల్ స్టీల్ గిటార్లు చేతితో తయారుచేస్తారు. ఈ గిటారు బల్లలా నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. కుడిచేత్తో తీగ మీటి, ఎడమచేత్తో దాని మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించాలి. పాదాల కింద పెడళ్లు, మోకాళ్ల దగ్గర మీటలు ఉంటాయి. వాటిని నొక్కితే తీగ మోగుతుండగానే స్వరం మారిపోతుంది. మా ఊరి లైట్ మ్యూజిక్ బృందంలో ఏళ్లుగా పెడళ్లు లేని మామూలు హవాయన్ గిటార్ వాయిస్తున్న నాకు ఆ మార్పు కోసమే దీని మీద మనసు పడింది. అయితే స్కూటర్ ప్రమాదం తర్వాత నా ఎడమకాలు పెడల్ తొక్కడానికి పనికిరాదు. ఆ పని కూడా మోకాళ్లకే అప్పజెప్పమని ముందే అడిగాను.

పొద్దున ఆరు దాటాక ఎక్కిన రైలు తొమ్మిదిన్నర ప్రాంతంలో సెంట్రల్ చేరింది. సామాను లేనివాళ్లు చూలైకి అరగంటలో నడిచి వెళ్లొచ్చు. నేను ఆటో మాట్లాడుకున్నాను. నూట ఇరవై అడిగి వందకు ఒప్పుకున్నాడు.

"చూలైలో ఏం పని మేడమ్, మిషన్ సామానా?"

"గిటారు."

"గిటారుకు మౌంట్ రోడ్ మ్యూజిక్ షాపులకు కదా పోవల్ల!" అని వర్క్‌షాపు ముందు దింపేదాకా నమ్మలేదు.

ఒక పక్క పంపు సామాన్ల కొట్టు, మరో పక్క అట్టపెట్టెలు చేసేవాళ్లు, మధ్యలో వీళ్ల గది. వీళ్లు ఒకప్పుడు ప్రింటింగ్ మిషన్లకు విడిభాగాలు చేసేవారట. ఒక చర్చి గిటారిస్టు విరిగిన పెడల్ స్టీల్ బాగుచేయమని తెచ్చాడు. దాన్ని విప్పి బిగించడంలో మొదలైన పని ఇది. లేత్ మీద ఇనుప పని తమ్ముడిది, తీగలూ శ్రుతీ అక్కవి. నా గిటారు పనస చెక్కతో చేసింది, పసుపుపచ్చగా మెరుస్తోంది. ఆ సాయంత్రమే తీసుకెళ్లి, ఆదివారం ఒక పెళ్లిలో వాయించాలని నా ఆలోచన.

"ప్రోగ్రాములకి చీరేనా పాపా?" అంది ఆండాళక్క నన్ను ఎగాదిగా చూసి.

"చీరే అక్కా."

"సెరి, కట్టుకోనొచ్చి మంచి పని చేసినావు. చీరతోనే చూస్తాం."

కూర్చున్నాను. మోకాలు పక్కకు జరిపితే కదిలే మీటలు చక్కగా అందాయి. చిక్కంతా పైకెత్తే మీటతో వచ్చింది. ఎడమ పాదం వేళ్లు నేలమీద ఆనించి మడమ లేపితే, మోకాలు పైకి లేచి ఆ మీటను తోయాలి. నాకేమో కాలంతా నేల విడిచి లేచిపోతోంది. రెండోసారి కుర్చీ ఊగి, కడ్డీ తీగల మీద పడి ఖంగుమంది.

"కొత్త గదమ్మా. నెల దినాలు ప్రాక్టీస్ చేస్తే అదే వొచ్చేస్తాది" అన్నాడు దేవరాజులన్న. సరేనని తలూపి మళ్లీ ప్రయత్నించాను.

"ఉండు రాజూ" అని ఆండాళక్క నా దగ్గరికొచ్చి కూర్చుంది. "నొప్పి ఉండాదా పాపా?"

"నొప్పి లేదక్కా. ఈ చీలమండ వంగదు. ఇంక వంగదు."

డాక్టరు ఆ మాట చెప్పి చాలా కాలమైంది. బృందంలో అడిగినవాళ్లందరికీ మాత్రం 'కొంచెం పట్టేసింది, తగ్గిపోతుంది' అనే చెబుతూ వచ్చాను. నా నోటితో నేను అనడం అదే మొదటిసారి.

దేవరాజులన్న టార్చి పట్టుకుని గిటారు కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు చూశాడు.

"దీన్ని కుడి మోకాలికి మార్చల్లక్కా. లోపల కడ్డీలన్నీ ఊడబెరికి మళ్లా బిగించల్ల."

"ఈ పొద్దుకు అవుతాదా?"

"ఈ పొద్దుకా? రెండు వారాలన్నా కావల్ల." లేచి నావైపు తిరిగాడు. "ఆ మీట ముట్టకుండా వాయించుకుంటానంటే ఇట్లే ఎత్తుకోని పో తల్లీ. లేదంటే ఈడ్నే పెట్టేసి పో."

భోజనం చేసొస్తానని వీధి చివర మెస్సుకు వెళ్లాను. నూరు రూపాయల సాపాటు, వడ్డించేది వండిన పెద్దాయనే. "ఏమ్మా, అన్నం అట్నే ఉండాది? కారమా?" అన్నాడు. కాదని చెప్పి, చెయ్యి కడుక్కుని, మా బృందం నడిపే రమణయ్యగారికి ఫోన్ చేశాను.

"ఆదివారం పాత గిటారే వాయిస్తానండీ."

"కొత్తది వస్తోందని పెళ్లివాళ్లకు చెప్పేశానే!"

"నాకు సరిపోయేలా మారుస్తున్నారు. అప్పటిదాకా పాతదే."

తిరిగొచ్చేసరికి దేవరాజులన్న కుడివైపు ఒక మీటను క్లాంపుతో తాత్కాలికంగా బిగించి, ఒకే ఒక్క తీగకు తగిలించాడు. తీగ మీటి, కుడి మోకాలు మెల్లగా పక్కకు జరిపాను. మోగుతున్న స్వరం లేచి పై స్వరంలో నిలబడింది. వదిలితే కిందికి వచ్చింది. కాలు నేలమీదే ఉంది, కుర్చీ కదల్లేదు. నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"ఇంకోసారి వాయించు" అంది ఆండాళక్క కళ్లు మూసుకుని. "కిందికి వొచ్చేటప్పుడు స్వరం రవ్వంత ఎక్కువ దిగతా ఉండాది రాజూ." ఆయన స్పానర్ అందుకున్నాడు.

సాయంత్రం రైల్లో ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. ఆదివారం పెళ్లిలో కొత్త గిటారు ఏదని అడిగినవాళ్లకు నా చీలమండ ఇంక వంగదని, అందుకే గిటారు మారుస్తున్నారని చెప్పాను. విని, ఓహో అని, భోజనాలకు లేచారు. ఇంత చిన్న మాటను ఇన్నాళ్లు ఎందుకు మోశానో తెలియదు. రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లి గిటారు తెచ్చుకున్నాను. వాయించడం ఇంకా సరిగా రాలేదు, రోజూ గంట కూర్చుంటున్నాను. మీరూ ఇలాంటి వాద్యం చేయించుకోవడానికి వెళ్తుంటే, స్టేజీ మీద వేసుకునే బట్టలతో, చెప్పులతోనే వెళ్లండి, మీ కుర్చీ ఎత్తు కొలిచి రాసుకెళ్లండి. ఒంట్లో వంగని కీలు ఏదైనా ఉంటే కూర్చోకముందే చెప్పేయండి. కొలతల్లో అదీ ఒకటి.