మూడు కూతల బండి

ఉద్యోగం నుంచి రిటైరయ్యేవాడికి శాలువా కప్పాలన్న నియమం ఎవరు పెట్టారో గానీ, ఆయన నల్లగొండ ఎండాకాలం చూడలేదని మాత్రం రూఢిగా చెప్పగలను. నాకు ఐదు వచ్చాయి. ఫ్యాను ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఆ ఏడాదే, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నన్ను మళ్లీ పనికి పిలిచారు. రైల్వేలో నేను లోకో ఇన్‌స్పెక్టర్ని. డ్రైవర్ల పక్కన నిలబడి, వాళ్లు ఇంజను సరిగ్గా నడుపుతున్నారో లేదో చూడటం నా ఉద్యోగం. మా జిల్లాలో మూతపడిన ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, క్వారీ నుంచి సున్నపురాయి మోసిన చిన్న రైలును ఆదివారాలు జనాన్ని తిప్పడానికి బాగుచేశారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. అయినా మనుషులు ఎక్కుతారు గనుక బ్రేకులు, పట్టాలు, సిబ్బంది యోగ్యమేనని నేను రాసివ్వాలి. రాసిస్తేనే పాత డ్రైవరు యాదగిరికీ, ఒకప్పుడు రాళ్లెత్తిన నర్సమ్మకూ ఆమె తోటివాళ్లకూ అక్కడ మళ్లీ పని. ఫ్యాక్టరీ పోయాక వాళ్లకు నెల జీతం మాట వినిపించడం అదే మొదలు.

పరీక్ష రోజున ఆ ఆడవాళ్లనే ప్రయాణికులుగా కూర్చోబెట్టాం. హైదరాబాదు నుంచి వచ్చిన పర్యాటక అధికారి, నేను ముందు పెట్టెలో. ఎండకు కాగిన ఇనుము, డీజిలు కలిసిన వాసన, పక్కన ఆముదపు చేలు, అతుకు అతుకుకీ టకటక. ఉద్యోగంలో చేరిన రోజులు గుర్తొచ్చి కాసేపు తనిఖీ మరిచాను. తర్వాత చేశాను. బ్రేకుల్లో దోషం లేదు.

క్వారీ మలుపు దగ్గర అధికారికి వీడియో తీయాలనిపించింది. బండి ఆపి మూడు కూతలు వేయమన్నాడు. రైల్వేలో మూడు పొట్టి కూతలంటే గార్డును బ్రేకు వేయమనడం అన్నాను. ఇక్కడ గార్డు లేడుగా అన్నాడు. వాదన గట్టిదే.

"మూడేనా సారూ?" యాదగిరి రెండుసార్లు అడిగాడు.

"మూడే. గట్టిగా."

మూడో కూత ఆగకముందే పెట్టెలు ఖాళీ. ఆడవాళ్లు కొంగులు నెత్తికి చుట్టుకుని పట్టాల పక్కని మట్టికట్ట వెనక బోర్లా పడ్డారు. యాదగిరి బ్రేకు బిగించి ఇంజను కిందికి దూరాడు.

"పండుండ్రి సారూ, రాళ్లొస్తయి!" అని కట్ట వెనక నుంచి కేక.

రాళ్లు రాలేదు. క్వారీలో మూడు కూతలంటే రాళ్లు పగలగొట్టే మందు పేలబోతోందని. రాళ్ల బండి బయటపడ్డాక ఇంజనే ఆ కూత వేసేదట.

"నీ కూత పాడుగాను, యాదిగా! మోకాలు పలిగె!" నర్సమ్మ లేచింది.

"సారు ఏయమన్నడక్కా. నువ్వెందుకు దుంకినవ్?"

"ఏసినోనివి, నువ్వెందుకు దూరినవ్‌రా?"

అధికారికి నవ్వు రాలేదు. ఇలాంటివాళ్లయితే పిల్లలతో వచ్చినవాళ్లు హడలిపోతారు, పట్నం నుంచి వేరే మనుషులను తెస్తానన్నాడు. నివేదికలో సిబ్బంది గడి ఇంకా నింపలేదు. అక్కడే కూర్చుని నింపాను: "ప్రమాద సూచన అందిన వెంటనే పెట్టెలు ఖాళీ చేయగలరు. ప్రత్యక్షంగా పరీక్షించడమైనది. యోగ్యులు." కూత ఒక్కటే, పొడుగ్గా ఉండాలని షరతు పెట్టాను.

వాళ్లకు పని దొరికింది. నేను నేర్చుకున్నది ఇంతే: ఎక్కడైనా బండి కదిలించే ముందు, అక్కడ కూతకు అర్థమేమిటో పాతవాళ్లను అడగాలి. మా నియమావళిలో ఆ పేజీ లేదు.

మొదటి ఆదివారం అధికారి మళ్లీ వచ్చాడు. ఇంక దుంకకమ్మా, అక్కడ పేలేదేమీ లేదు అని నర్సమ్మతో నవ్వుతూ అన్నాడు. ఆమె టికెట్టు చింపి ఆయన చేతిలో పెట్టి, క్వారీ గుట్ట వైపు చూపించింది.

"దుంకనోళ్లంత గా గుట్ట కిందనే ఉన్నరు, సారు."