మింగని గుక్క

నా నోరు మూతపడదని మా చుట్టాలందరికీ తెలుసు. ఎనిమిదో తరగతిలో సారు నన్ను బయట నిలబెట్టింది కూడా అందుకే. ఎలాగూ బయటే ఉన్నాను కదా అని అటు నుంచి అటే ఇంటికి వచ్చేశాను, మళ్ళీ పోలేదు. తర్వాత నాచారంలో టెంట్ హౌస్ పెట్టుకున్నాను. పెళ్ళిళ్ళకూ చావులకూ అవే కుర్చీలు పంపుతాను. కూర్చునేవాళ్ళే మొహాలు మార్చుకుంటారు.

అలాంటి నన్ను ఉప్పల్‌లో ఒక మూడో అంతస్తు ఇంట్లో, సోఫా మీద, ఒక గుక్క బీరు నోరు మూయించింది.

మా బిడ్డ సంబంధం కోసం వెళ్ళాం అక్కడికి. తను ఒక దవాఖానా ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తుంది. వారం పగలు, వారం రాత్రి డ్యూటీ. సంబంధం తెచ్చింది మా బావ, అంటే మా అక్క మొగుడు. నారపల్లిలో ఉంటాడు, ప్లాట్లు అమ్మిపెడతాడు. ఏది చూపించినా తూర్పు ముఖం, రోడ్డు బిట్టు అంటాడు. పిల్లవాడి గురించి కూడా దాదాపు అలాగే చెప్పాడు.

మా ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది. పిల్లనిచ్చేవాళ్ళు పిల్లవాడి ఇల్లు చూడటానికి పోతే, మనసు కుదిరేదాకా ఆ ఇంట్లో నోరు తడపకూడదు. మంచినీళ్ళిస్తే అందుకుని పక్కన పెడతారు. చాయ్ తెస్తే ఇప్పుడే తాగి వచ్చామంటారు. ఎదుటివాళ్ళకూ విషయం తెలుసు కనుక ఎవరూ నొచ్చుకోరు. కానీ నోరు తడిసిందంటే మాట ఇచ్చినట్టే. ఆ తర్వాత కాదంటే రెండు ఇళ్ళ పరువూ పోతుంది. మా అక్క సంబంధానికి పోయినప్పుడు మా నాయిన మే నెల ఎండలో నాలుక పిడచకట్టి, చాలాసేపు ఓర్చుకుని, చివరికి వాళ్ళు ముందు పెట్టిన కల్లు అందుకున్నాడు. బావ మా ఇంటికి అల్లుడైంది గుణాల వల్ల కాదు, దాహం వల్ల అని నేను ఇప్పటికీ అంటుంటాను. బావకు నచ్చదు.

ఆ రోజు పొద్దున మా బిడ్డ డ్యూటీకి పోతూ, చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. "డాడీ, నేనాయనను ఫోన్ల ఒక్కటే అడిగిన. పెండ్లైనంక గూడ నైట్ డ్యూటీకి పోత, నీకు ఓకేనా అని. ఇంట్ల అడిగి చెప్త అన్నడు. ఇంకా చెప్పలే."

"చెప్తడు తీ. ఇంట్ల అడిగేటోడు మంచోడే గద."

"మంచోడే. గందుకే భయం. ఆయన నోట్నుంచి రావాలె, వాళ్ళ నాయిన ముంగట రావాలె. లేకుంటే రేపు నేను రాత్రి అన్నం డబ్బా కట్టుకొని బయటికి నడిస్తే, గిది ఎవరు ఒప్పుకున్నరు అంటరు. గా జవాబు వచ్చేదాక నువ్వు ఆ ఇంట్ల చాయ్ చుక్క గూడ ముట్టొద్దు."

"నీ మీద ఒట్టు."

"నా మీద గాదు. నీ టెంట్ హౌస్ మీద వెయ్యి, గప్పుడు నమ్ముత."

వేశాను.

బావ కారులో బయలుదేరాం. నేను ముందు, నా భార్య వెనక. ఫ్లైఓవర్ పనుల దుమ్ములో ఉప్పల్ దాకా దూరం తక్కువ, హారన్లు ఎక్కువ. ఆ ఇంట్లో కూర్చోబెట్టిన సోఫా ముగ్గురికి సరిపోతుంది, ఆ ముగ్గురూ సన్నవాళ్ళైతే. ఒక పక్క మా బావ, ఇంకో పక్క పిల్లవాడి నాయిన, మధ్యలో నేను. ఆయన ఫ్యాక్టరీలో సూపర్వైజర్‌గా రిటైరైన మనిషి. చెయ్యి తీసుకెళ్ళి నా భుజాల మీద వేశాడు. లారీకి పంచరైనట్టు ఆ పక్కకు ఒరిగిపోయాను. ముందు గాజు టీపాయ్, దాని అవతల పిల్లవాడు, ఓ పక్క కుర్చీలో నా భార్య. లేవాలంటే ముగ్గురి అనుమతి కావాలి.

నీళ్ళు వచ్చాయి, పక్కన పెట్టాను. చాయ్ వచ్చింది, గ్యాస్ అన్నాను. మిక్చర్ వచ్చింది, పన్ను అన్నాను. పిల్లవాడి అమ్మ నవ్వుకుంటూ ప్లేట్లు లోపలికి తీసుకుపోయింది. "మీరు కడుపునొప్పి గూడ చెప్పేసినంక లడ్డు తెస్త అన్నా," అంది. ఆమె నాకు నచ్చింది.

పిల్లవాడు కూడా నచ్చాడు. తల వంచుకుని, అడిగినదానికి మెత్తగా జవాబు చెబుతాడు. ఫుడ్ టెక్నాలజీ ఉద్యోగమని బావ చెప్పాడు. ఏం ఫుడ్డు బాబూ అని అడిగితే బీరు కాచే చోట పనిచేస్తానన్నాడు. నేను బావ వైపు తిరిగాను. "గీ ముక్క మొదలే చెప్తే ఇంత దూరం కారు ఎందుకు బావా, ఉరికొస్తుంటి గద!"

అందరూ నవ్వారు. వాళ్ళ నాయిన ఉత్సాహంగా, "అరేయ్, గా నల్లది తే రా, అన్నకు సూపియ్యి," అన్నాడు.

పిల్లవాడు ఫ్రిజ్ నుంచి ఒక సీసా తెచ్చాడు. అది తెస్తూ వేరే మనిషైపోయాడు. వెన్ను నిటారైంది, గొంతు పెరిగింది. "గిది స్టౌట్ అంకుల్, నల్ల బీరు. మాల్టును, అంటే మొలకొచ్చిన బార్లీని, నల్లగ వేయించి కాస్తం. కాసినంక విస్కీ పీపాలల్ల పోసి నెలల కొద్ది మూత పెడ్తం. విస్కీ తీసేసిన ఖాళీ పీపాలు గవి. కానీ చెక్క తాగిన విస్కీ చెక్కల్నే ఉంటది. గది మెల్లగ బీరులకు దిగుతది. తొందర పెడ్తే రాదు."

ఇంతసేపు మాట్లాడతాడని వాళ్ళ అమ్మకు కూడా తెలియదేమో, వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

గ్లాసులో పోశాడు. పోస్తుంటే చప్పుడు రాలేదు, నూనెలా జారింది. నేను గ్లాసును కిటికీకి ఎదురుగా పెట్టి చూశాను. ఎండ అందులోకి పోయింది గానీ బయటికి రాలేదు. పైన నురుగు బెల్లం పాకం పొంగినప్పటి రంగు. వాసన చూడటానికి పట్టింపు లేదు కదా అని ముక్కు పెట్టాను. ముందు మాడిన కాఫీ. దాని వెనక, ఎన్నో ఏళ్ళుగా తెరవని చెక్కపెట్టె తెరిచినప్పటి వాసన. ఆ వెనక విస్కీ, తలుపు సందులోంచి తొంగి చూసే పక్కింటివాడిలా.

"తాగు రా బామ్మర్ది," అన్నాడు బావ.

"పట్టింపు బావా."

"బీరుకేం పట్టింపు రా? మన పెద్దలు నీళ్ళకు పెట్టిన్రు, కల్లుకు పెట్టిన్రు. వాళ్ళ కాలంల బీరు యాడుండె?"

ఆలోచించాను. నిజానికి ఆలోచించలేదు, ముక్కు ఇంకా గ్లాసులోనే ఉంది. మనకు కావలసిన వైపు నడిచే న్యాయాన్ని ఎవడూ ఆపి లైసెన్సు అడగడు. ఒక గుక్క నోట్లో పోసుకున్నాను.

అది నాలుక మీద పడిందో లేదో, భుజం మీద చెయ్యి బిగిసింది. వచ్చినప్పటి నుంచి నన్ను అన్నా అంటున్న మనిషి, "ఇగ అయిపాయె బావా!" అన్నాడు. బావ చప్పట్లు కొట్టాడు. "నోరు తడిసింది! అక్కా, కుంకుమ తే!" పిల్లవాడి అమ్మ లోపలికి పరిగెత్తింది. ఒక్క గుక్కకు వియ్యంకుణ్ణైపోయాను.

నా భార్య నన్ను చూసింది. పెళ్ళైన కొత్తలో నేను టెంట్ గుంజ ఆమె పుట్టింటివాళ్ళ నల్లా పైపులోకి దిగ్గొట్టినప్పుడు అలాగే చూసింది.

అప్పుడు నాకు తట్టింది ఒక్కటే. మింగలేదు కదా. నోరు తడిసింది గానీ గొంతు తడవలేదు. గొంతు దిగనిది తాగినట్టెట్లా అవుతుంది? వాదించడానికి మంచి పాయింటు. కానీ వాదించాలంటే నోరు తెరవాలి, తెరిస్తే వాళ్ళ తెల్ల టైల్స్ పాడవుతాయి. వేలెత్తి ఆగమన్నట్టు చూపించి, బుగ్గలు ఉబ్బించుకుని కూర్చున్నాను.

నాకు తెలిసి ఒక గుక్కను అంతసేపు నోట్లో పెట్టుకున్నవాడు ఇంకొకడు ఉండడు. మొదట చల్లగా, చిక్కగా, నాలుకకు దుప్పటి కప్పినట్టుంది. సన్నని గ్యాసు చిగుళ్ళను గుచ్చి ఆరిపోయింది. తర్వాత నోటి వేడికి అది విప్పుకోవడం మొదలుపెట్టింది. మాడిన కాఫీ పక్కకు జరిగి, అడుగంటిన బెల్లం వచ్చింది. తర్వాత ఎండు ఖర్జూరం. దవడల దగ్గర ఎండు కొబ్బరి లాంటిదేదో, అది చెక్కదట, తర్వాత తెలిసింది. చివరికి విస్కీ వేడి చెంపల లోపల పాకి చెవుల దాకా ఎక్కింది. చేదు మాత్రం నాలుక వెనక ఆగి, గొంతులోకి దారి అడుగుతోంది. ఇంత మంచిది నేను ఎప్పుడూ తాగలేదు. అప్పుడూ తాగలేదు.

ఉమ్మి ఊరుతోంది, గుక్క పెరుగుతోంది. ముక్కుతోనే శ్వాస. కిటికీ బయట మెట్రో రైలు పోయింది. ఎక్కినవాళ్ళందరూ హాయిగా మింగుతూ ఉమ్ముతూ మాట్లాడుకుంటూ పోతున్నట్టనిపించింది.

"ఏం రా, మింగు!" బావ మోచేత్తో పొడిచాడు. ఒక చుక్క పెదవి మీదికి వచ్చింది, లోపలికి లాక్కున్నాను.

"లేదు మామా, అంకుల్ కరెక్టుగ జేస్తున్నడు," అన్నాడు పిల్లవాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "గట్లనే పట్టి సూడాలె. వేడైతుంటె ఇంకోటి వస్తది. ఖర్జూరం దొరికిందా అంకుల్?"

దొరికిందని తలూపాను. నిజమే కదా. వాడి మొహం చూస్తే నాకు జాలేసింది.

ఎప్పుడైనా నలుగురిలో కూర్చుంటే మాట్లాడేది నేనే. నా భార్యకు సందు ఇవ్వను. ఆ రోజు మొదటిసారి సందు దొరికింది. కొంగు సర్దుకుని, పిల్లవాడి వైపు తిరిగి, నెమ్మదిగా అడిగింది.

"బాబూ, మా బిడ్డ నిన్ను ఒకటి అడిగిందట గద. ఏమంటవ్ దానికి?"

పిల్లవాడు వాళ్ళ నాయిన వైపు చూశాడు.

"ఏమడిగింది రా?" అన్నాడు వాళ్ళ నాయిన.

అంటే ఇంట్లో అడిగి చెబుతానన్నవాడు ఇంట్లో అడగనే లేదు. నేను మింగబోయి ఆగాను.

నా భార్యే చెప్పింది, నైట్ డ్యూటీ సంగతి, పెళ్ళైనా మానదన్న సంగతి. పెద్దాయన చెయ్యి నా భుజం మీద ఇంకా అలాగే ఉంది, బరువు మాత్రం మారింది.

"గవన్ని ఇప్పుడెందుకు చెల్లె? పెండ్లైనంక సూసుకుందం. పిల్లలు గిట్లనే అంటరు, ఒక పిల్లగాడు పుడితే వాళ్ళే మానుకుంటరు."

"నేను బాబును అడిగిన అన్నా."

కుంకుమ భరిణె పట్టుకుని వాళ్ళమ్మ గుమ్మంలో ఆగిపోయింది. పిల్లవాడు సీసా మీద చేరిన చెమ్మను బొటనవేలితో తుడుస్తున్నాడు. నేను వాణ్ణే చూస్తున్నాను. కళ్ళతో బతిమాలాను కూడా. ఇప్పుడే కదరా వెన్ను నిటారుగా పెట్టి చెక్క గురించి అంత చెప్పావు, ఇంకొక్క ముక్క చెప్పు, హాయిగా మింగేస్తాను.

"నాన్న ఎట్లంటే గట్ల ఆంటీ," అన్నాడు. "తర్వాత సూద్దం."

నేను లేచాను. అంత తేలిగ్గా కాదు. ముందు భుజం మీది చెయ్యి తీసి ఆయన ఒళ్ళోనే పెట్టాను, బావ మోకాలు దాటాను, టీపాయ్‌కి కాలు కొట్టుకున్నాను. భోజనాల బల్ల పక్కనున్న వాష్ బేసిన్ దాకా నడిచాను. అప్పటికి నోట్లో రుచి ఎంత బాగా కుదిరిందో చెబితే మీరూ నాతోపాటు ఏడుస్తారు. వంగి, మొత్తం ఉమ్మేశాను. తెల్లటి బేసిన్‌లో నల్లగా సాగుతూ, తొందరేమీ లేనట్టు దిగింది. పుక్కిలిద్దామంటే అవీ ఆ ఇంటి నీళ్ళే. చేతిరుమాలుతో పెదవులు తుడుచుకున్నాను.

"ఏందన్నా గిది?" అన్నాడు పెద్దాయన. మళ్ళీ అన్ననయ్యాను.

"బీరు మస్తుంది అన్నా," అన్నాను. "బాబు చేతుల పనితనముంది. మాకు జర సమయం గావాలె."

బావ కారు తాళాలు తీసి గుప్పిట్లో నలుపుతూ మెట్లు దిగాడు. వెనక నేను, నా వెనక నా భార్య. పార్కింగ్‌లో బండ్ల మధ్య నుంచి కారు దగ్గరికి వెళ్తుంటే మెట్ల మీద పరుగు వినిపించింది. పిల్లవాడు. చెప్పులు లేవు, ఆయాసపడుతున్నాడు.

"ఆంటీ, నాకు ఓకే. నైట్ డ్యూటీ నాకేం ప్రాబ్లం లేదు. నేను గూడ నైట్ పోత గద, నాకు తెల్వదా? ఆమెకు చెప్పుండ్రి."

నా భార్య వాణ్ణి కాసేపు చూసింది. కోపంగా కాదు.

"పైన చెప్పాలె బిడ్డా."

వాడు తల దించుకున్నాడు.

"బండి ఇంకా తియ్యలే," అంది. "పోయి చెప్పి రా. మేము ఈడనే ఉంటం."

వాడు నా వైపు చూశాడు. నేను ఏదో ఒక జోకు వెయ్యాలి, వేస్తే వాడికి కాస్త ఊపిరాడేది. నోరు తెరిచాను గానీ ఏదీ రాలేదు. వెళ్ళమని తలూపాను.

వెళ్ళాడు. మేము నిలబడ్డాం. బావ కారు స్టార్ట్ చేసి, నా భార్యను చూసి మళ్ళీ ఆపేశాడు. పైకి పోతున్న అడుగులు వినిపిస్తున్నాయి. మొదటి అంతస్తు దాటాయి. రెండో అంతస్తు దగ్గర నెమ్మదించాయి, ఆగాయి. ఏ తలుపూ తెరుచుకోలేదు. అడుగులు పైకీ పోలేదు, కిందికీ రాలేదు. పిల్లలెవరో సైకిలేసుకుని మా చుట్టూ తిరిగి బయటికి పోయారు. వాచ్‌మన్ కుర్చీ ఇవ్వనా అని అడిగాడు, వద్దన్నాను.

చాలాసేపటికి నా భార్య కారు తలుపు తీసింది.

"నడువు," అంది. "పిల్ల డ్యూటీ నుంచి వచ్చే టైమైంది."