తుబ్లీలో మంచు కొట్టిన కాళ్ళు

మేజోడు లాగేసరికి ఇస్సాకు గారి కుడికాలి వేళ్ళు తెల్లగా, మైనం ముద్దల్లా కనిపించాయి. నొక్కి చూశాను. ఐసులోంచి అప్పుడే తీసిన చేపను పట్టుకున్నట్టు చల్లగా, గట్టిగా ఉన్నాయి. నొప్పిగా ఉందా అని అడిగాను.

"ఇందాక ఉంది బాబూ. ఇప్పుడేమీ తెలియట్లేదు," అన్నారాయన.

అది జూలై నెల, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల వేళ. బహ్రెయిన్‌లో తుబ్లీ దగ్గర, ఒక వర్క్‌షాపు వెనకున్న రేకుల గది. ఏసీ పొద్దుటినుంచీ పనిచేయడం లేదు. తలుపు బార్లా తీసి కూర్చున్నాం. నోటుబుక్కు కాగితం నా మణికట్టు చెమటకి అంటుకుపోతోంది.

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పేపర్లో పనిచేసిన ఇన్నేళ్ళలో అలాంటి కబుర్లు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. చాలావాటిని చెత్తబుట్టలో వేశాను. ఇది ఇంకెవరైనా రాసి పంపితే దీన్నీ అక్కడే వేసేవాణ్ణి. చూసినవాణ్ణి నేనే కాబట్టి, చూసినంత వరకు రాస్తున్నాను.

ఎనభైల మధ్యలో మనామాలోని ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా ఉండేవాణ్ణి. సౌదీకి వంతెన ఇంకా కడుతున్న రోజులవి. శుక్రవారం జరిగే తెలుగు ప్రార్థన కూడికలో ఇస్సాకు గారు పరిచయమయ్యారు. బాపట్ల వైపు మనిషి, యాభై దాటాయి. సైన్యంలో హవల్దార్ క్లర్కుగా చేసి, రిటైరయ్యాక ఈ వర్క్‌షాపులో టైమ్‌కీపర్‌గా చేరారు.

ఒకసారి టీ తాగుతూ యథాలాపంగా అన్నారు, చైనా యుద్ధంలో పట్టుబడిన ఒక చైనా సిపాయిని విచారిస్తుంటే రాసుకున్నది తానేనని. పేపరు మనిషికి అంతకంటే ఏం కావాలి? మన దేశంలో ఒక వారపత్రికకి రాస్తాను, వివరంగా చెప్పమని అడిగాను. "చెప్పుకునే సంగతి కాదులే బాబూ," అని తప్పించుకున్నారు. నేను వదల్లేదు. రెండు నెలలు వెంటపడ్డాను. చివరికి ఆ శుక్రవారం ఒప్పుకున్నారు.

గదిలో మాతోపాటు ఖాదర్ భాయ్ ఉన్నాడు. ఆయన గదిలోనే ఉండే డ్రైవరు, నిజామాబాద్ మనిషి. మూలన ఉల్లిపాయలు కోసుకుంటున్నాడు.

ఇస్సాకు గారు చెప్పింది ఇది. కొండల మీద ముందు వరసకి కాస్త వెనకగా ఒక గుడారం. దళం నుంచి తప్పిపోయిన చైనా సిపాయిని మనవాళ్ళు పట్టుకొచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయేమో. తూటాల పెట్టె మీద కూర్చోబెట్టారు. ప్రశ్నలు కెప్టెనువి. కాలింపాంగ్ నుంచి వచ్చిన దుబాసీ వాటిని చైనా భాషలోకి మార్చేవాడు. సిరాబుడ్డి గడ్డకట్టిందని ఇస్సాకు గారు పెన్సిలుతో రాసుకున్నారు.

ఖైదీ వివరాల ఫారంలో 'గాయాలు' అని ఒక గడి ఉండేదట. "నడిచొచ్చినవాడికి గాయాలేముంటాయని, వాడు లోపలికి రాకముందే మూడు కాపీల్లోనూ 'లేవు' అని రాసేశాను. క్లర్కులం కదా, తెలిసిన గళ్ళు ముందే నింపేస్తాం," అన్నారు.

దాదాపు అక్కడే ఆయన కాళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకోవడం మొదలుపెట్టారు. నేను చూశాను. చూసి, తర్వాతి ప్రశ్న అడిగాను.

"ఖాదరూ, ఆ దుప్పటి ఇట్టా వెయ్యి నాయనా," అన్నారు కాసేపటికి.

"ఏంది చాచా, గీ ఎండల దుప్పటా? మనం దుబాయికి వచ్చినమా, కాశ్మీరుకు పోయినమా?" అని నవ్వాడు ఖాదర్ భాయ్. గల్ఫులో ఏ దేశమైనా అతనికి దుబాయే. అయినా తెచ్చి కాళ్ళ మీద కప్పాడు. నా వైపు తిరిగి, "సార్, మీరు పేపరోళ్ళా, పోలీసోళ్ళా? జర పెద్దాయన్ని ఛాయ్ తాగనియ్యుండ్రి," అన్నాడు.

ఒక్కటే ప్రశ్న, అయిపోతుంది అన్నాను. ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. ఆ మాట తర్వాత ఎనిమిది ప్రశ్నలున్నాయి.

ఆ సిపాయి మాటిమాటికీ తన గుడ్డ బూట్లు చూపించాడట. అవి తడిసి బిర్రబిగుసుకుపోయి ఉన్నాయి. బూట్లు తీయనిమ్మంటున్నాడని దుబాసీ చెబితే, ముందు మీ కంచరగాడిదలెన్నో చెప్పమను అన్నాడు కెప్టెను. సాయంత్రం ఎవరో బూటు కోసి తీశారు. వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. క్షతగాత్రులను కిందికి తీసుకెళ్ళే ట్రక్కు బయట సిద్ధంగా ఉంది. గాయాలేమైనా రాశావా అని కెప్టెను అడిగాడు.

"ఫారంలో ఉన్నది చదివాను బాబూ. లేవు సార్ అన్నాను. మార్చాలంటే మూడు కాపీలు తిరగరాయాలి. నా చేతులు కొంకర్లు పోతున్నాయి. ఊరుకున్నాను. రేపు మళ్ళీ అడుగుదాం, ఇక్కడే ఉంచండి అన్నాడు కెప్టెను. ట్రక్కు వెళ్ళిపోయింది."

అంతవరకు చెప్పి దుప్పటి పక్కకి లాగారు. తర్వాత, "నా కాళ్ళు ఒకసారి చూడు బాబూ," అన్నారు.

ఆయన చివరి వాక్యం పూర్తిగా రాసుకుని, అప్పుడు చూశాను.

ఖాదర్ భాయ్ బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. హిమాచల్ నుంచి వచ్చిన డాక్టరు డ్యూటీలో ఉన్నాడు. చాలాసేపు చూసి, ఈయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడా, చేపల గోదాములోనా అని అడిగాడు. గేటు దగ్గర కుర్చీలో కూర్చునే ఉద్యోగమని, పైగా పొద్దుటినుంచి గదిలోనే ఉన్నారని చెప్పాం. ఇలాంటి వేళ్ళు మా ఊళ్ళో కనుమల మీంచి దింపుకొచ్చినవాళ్ళకే చూశాను, ఇది మంచు కొట్టిన కాలు అన్నాడాయన.

షుగరుందేమోనని రెండుసార్లు రక్తం తీశారు. లేదు. నరాలు చూశారు, రక్తప్రసరణ చూశారు. ఏమీ తేలలేదు. మర్నాటికి బొబ్బలు లేచాయి. వారం తిరిగేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. మూడు వేళ్ళు తీసేశారు.

తెలిసిన మెకానిక్ ఒకడు, ఏసీ గ్యాసు కారితే చర్మం గడ్డకడుతుందని చెప్పాడు. అదే అయ్యుంటుందని నాకు ప్రాణం కుదుటపడింది. అతన్ని వెంటబెట్టుకుని గదికి వెళ్ళాను. ఏసీ ఎదురు గోడకి, తలకంటే ఎత్తులో ఉంది. లోపల వైరు కాలింది తప్ప గ్యాసు కొంచెం కూడా తగ్గలేదు. ఆ మేజోళ్ళు మంచం కింద పడి ఉన్నాయి. వాటి మీద మరకగానీ చిరుగుగానీ లేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. వెంటనే వెచ్చటి నీళ్ళలో పెట్టి ఉంటే కొన్ని వేళ్ళయినా దక్కేవేమోనని డాక్టరు అన్నాడు. ఆయన దుప్పటి అడిగినప్పటినుంచి నేను కాలు చూసేదాకా గంటకు పైనే గడిచింది. ఆ గంట నాది.

ఆసుపత్రిలో ఆ మాటే చెప్పి క్షమించమన్నాను. "నీ తప్పేముంది బాబూ, నేనూ అట్టాగే రాసుకుంటూ కూర్చున్నాను," అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది.

కంపెనీ ఆయన్ని ఇంటికి పంపేసింది. నేను ఆ వ్యాసం రాయలేదు. నాలుగైదేళ్ళకి ఆయన పోయారని కూడికలో ఎవరో చెప్పారు. తర్వాత చాలామంది డాక్టర్లకి ఈ సంగతి చెప్పాను. ఒక్కొక్కరు ఒక్కొక్క జబ్బు పేరు చెప్పారు. ఆ జూలై మధ్యాహ్నం చెమటలు కక్కుతున్న గదిలో ఆ చలి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

ట్రక్కు వెళ్ళిపోయాక ఆ చైనా సిపాయి ఏమయ్యాడో కూడా నాకు తెలియదు. అన్ని ప్రశ్నలు అడిగినవాణ్ణి, అది అడగలేదు.