నేను రాసిన కేక

యుద్ధం రోజులు. కోయిలకుంట్ల దగ్గర జరిగిన హత్య గురించి పత్రికలో నేను రాసిన కథనాన్ని కడప బస్సులో ఒకాయన పైకి చదువుతున్నాడు. రాసింది నేనేనని గొప్పగా చెప్పాను. వెనక సీటులోని ముసలాయన లేచి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సచ్చేటప్పుడు వాడు అమ్మా అని అరిసినాడని రాసినావే, ఎవురు చెప్పినారప్పా నీకు?"

ఎవరూ చెప్పలేదు. చదివేవాళ్ల ఒళ్లు జలదరించాలని నేనే కల్పించాను. బస్సంతా నన్నే చూస్తోంది.

"వాడు నా కొడుకు, పుట్టుమూగోడు. నిజంగా ఎవురన్నా వినింటే, ఆ గొంతు ఎట్లుండెనో వాళ్లమ్మకు చెబుదామని అడుగుతాండా."

కల్పించానని ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. చెయ్యి వదిలి, కమలాపురంలో దిగిపోయాడు.

తర్వాత డిటెక్టివ్ నవలలు చాలా రాశాను. నిజంగా జరిగిన హత్య జోలికి మాత్రం మళ్లీ వెళ్లలేదు.