వెస్నాతో కబ్ద్ దాకా

జనవరి చివరి శుక్రవారం పొద్దున ఏడుంపావుకు జాబ్రియాలో బయల్దేరాం. నేను పనిచేసే ఇంటి డాక్టరమ్మది సెర్బియా. ఆమె పిన్ని వెస్నా చలికాలం గడపడానికి కువైట్ వచ్చింది. డెబ్భై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, అయినా కబ్ద్ ఎడారిలో ఒంటెల్ని చూసి తీరాలంది. డాక్టరమ్మకు డ్యూటీ పడి నన్ను తోడు పంపింది.

టాక్సీ ఖాజా భాయ్‌ది. ఆయనదీ మా రాయచోటే. రానూపోనూ పన్నెండు దీనార్లకు ఒప్పుకున్నాడు. "చలి బలే ఉంటాదక్కా, పెద్దామెకు దుప్పటి తెచ్చినావా?" అన్నాడు. తెచ్చాను. వెళ్లేవాళ్లు మరవకండి, కబ్ద్‌లో గాలికి అడ్డు ఉండదు.

ఎనిమిదింటికి చేరాం. తోటల కంచెలు, గొర్రెల మందలు, ఆ వెనకాల ఒంటెలు. ఖాజా భాయ్ కారులో కునుకు తీశాడు. మేమిద్దరం దుప్పటి పరుచుకుని నేను కట్టుకొచ్చిన చిత్రాన్నం తిన్నాం. నాది ముక్కల ఇంగ్లీషు, ఆమెది నిదానపు ఇంగ్లీషు.

"మీకు పిల్లలు లేరా?" అనడిగాను.

"లేరు. నేను ప్రేమించింది ఆడమనిషిని. ఇరవయ్యేళ్లు కలిసి బతికాం."

వాళ్ల దేశం యుద్ధంలో ఉన్నప్పుడు వారం వారం 'యుద్ధం వద్దు' అని అట్ట పట్టుకుని వీధిలో నిలబడేదట. ద్రోహి అని ఉమ్మేవారట. తుపాకి పట్టనన్న కుర్రాళ్లను తన వంటింట్లో దాచింది. తర్వాత తనలాంటివాళ్లతో కలిసి, మేమూ మనుషులమేనని ఊరేగింపుగా నడిస్తే రాయి తగిలింది. కనుబొమ్మ మీది మచ్చ చూపించింది.

"మళ్లీ పోయినారా?"

"ఆ తర్వాతిసారీ వెళ్లాను. రాయి కన్నా అమ్మే ఎక్కువ నొప్పించింది. ఏడేళ్లు మాట్లాడలేదు. ఒక వానరోజు వీధిలో నా పక్కన వచ్చి నిలబడింది. గొడుగు నా మీదికి వంచింది."

గిన్నె పక్కన పెట్టాను. కడపలో ఉన్న నా కూతురు సునంద నాలుగు నెలల కిందట ఫోన్లో, పెళ్లొద్దు, స్నేహితురాలితోనే బతుకుతానంది. "ఖలాస్, నాకు కూతురే లేదనుకుంటా" అని పెట్టేశాను. ఆ సంగతి మొదటిసారి ఒకరికి చెప్పాను.

వెస్నా నన్ను తిట్టలేదు. "మా అమ్మకు ఏడేళ్లు పట్టింది. నీకింకా నాలుగు నెలలేగా" అంది.

పదకొండు కాకముందే ఖాజా భాయ్ లేచి, "యల్లా అక్కా, జుమ్మా నమాజుకు టైమైతాంది" అని తొందరపెట్టాడు. వెస్నా వెనక సీట్లో నిద్రపోయింది. నేను తొమ్మిదేళ్లుగా ఈ దేశంలో ఉన్నా, కంటికి అడ్డులేకుండా ఇంత దూరం చూసింది ఇదే మొదలు. ఇసుక వెనక్కి పోతుంటే గుండెలో బరువు కొంత దిగినట్టనిపించింది. ఫోన్ తీసి సునందకు చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"అన్నం తింటివా అమ్మా?" అంది.

"తింటి. ఆ పిల్ల పేరేందే?"

"...ప్రమీల."

"పక్కనే ఉంటే ఫోనియ్యి," అన్నాను.